నైనీతాల్ యాత్ర

యాత్రయందలి సుఖము సగము ఇంటివద్దనే నిర్ణయమగును. ఎప్పుడు పోవలెను, ఏ మార్గమున పోవలెను, ఏమి తీసికొని పోవలెను, అచ్చట ఎట్లు మెలగవలెను అను నాలుగు విషయములను ముందుగా యోచించుకొన్నవారికి దారిలో చిక్కులు తక్కువ. పర్వతముల నడుమనున్న సరస్సును చూడబోవునపుడు ఈ యోచన మరింత అవసరము. అందులకు నైనీతాల్ మంచి ఉదాహరణము.

నైనీతాల్ ఉత్తరాఖండ రాష్ట్రమున కుమావూన్ కొండలలో కలదు. 'తాల్' అనగా సరస్సు. సముద్రమట్టమునకు సుమారు 1,938 మీటర్ల ఎత్తున, చుట్టును కొండలు కోటగోడలవలె నిలిచియుండగా, నడుమ ఈ సరస్సు నిండుగా కనబడును. దీని పొడవు ఇంచుమించు 1,400 మీటర్లు; మిక్కిలి లోతైన తావున 27 మీటర్ల నీరుండును. ఉత్తరపుటొడ్డున నయనాదేవి ఆలయము కలదు. సతీదేవి నేత్రము ఇచ్చట పడినదని భక్తుల విశ్వాసము. ఊరి ఎగువ భాగమును మల్లీతాల్ అనియు, దిగువ భాగమును తల్లీతాల్ అనియు పిలుతురు. తెలుగువారి చెవికి 'తల్లి' అని వినబడినను, అక్కడి భాషలో ఆ మాటకు 'దిగువ' అనియే అర్థము.

మొదట ఆలోచింపవలసినది కాలము. ఎత్తునకు పోయినకొలది గాలి చల్లబడును. ప్రతి వేయి మీటర్లకు సుమారు ఆరున్నర సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గుట సామాన్యము. కావున మైదానములు మండుచుండు మే, జూన్ నెలలలో జనులు అచటికి వేలకొలదిగా పోవుదురు. అప్పుడు వసతి దొరకుట కష్టము. జూలై మొదలు సెప్టెంబరు వరకు వానలు కురియును. కొండచరియలు విరిగి దారులు మూతపడుటయు కలదు. డిసెంబరు, జనవరి నెలలలో చలి మిక్కుటము. అక్టోబరు, నవంబరు నెలలలో ఆకాశము నిర్మలముగా నుండును. దసరా సెలవులు అక్టోబరులో వచ్చిన యేడు విద్యార్థులకు ఇది తగిన సమయము.

చరియల భయము ఉత్తమాట కాదు. 1880 సెప్టెంబరు 18వ తేదీన, ఎడతెగని కుంభవృష్టి పిమ్మట, షేర్-కా-డాండా కొండవాలు విరిగిపడి 151 మంది మరణించిరి. వాననీరు మట్టిలోనికి ఇంకినకొలది మట్టి బరువెక్కును. దాని పట్టు సడలును. తుదకు వాలు జారును. ఆ విపత్తు తరువాత వాననీటిని వెంటనే క్రిందికి దింపుటకై కొండవాలులందు కాలువలు కట్టించిరి. వానిలో అనేకము సరస్సునకే చేరును.

ఇక మార్గము. హైదరాబాదునుండి రైలులో ఢిల్లీకి, అచటినుండి మరియొక రైలులో కాఠ్‌గోదామునకు చేరవలెను. అక్కడితో రైలుదారి ముగియును. తరువాత సుమారు 35 కిలోమీటర్లు ఘాటు రోడ్డు. వంపులలో తల తిరుగును గనుక, ఆ పూట మితముగా భుజించుట మేలు. ఉన్ని దుస్తులు, జారని జోళ్లు, చేతి దీపము, అలవాటైన మందులు వెంట నుండవలెను.

చూచుటకు మూడు దినములు చాలును. మొదటిదినము విశ్రమించి, సాయంకాలము సరస్సు చుట్టును నడువవచ్చును. రెండవదినము వేకువనే నైనా శిఖరము నెక్కినచో, మబ్బులు లేనప్పుడు మంచుకొండల వరుస కనబడును. మూడవదినము సమీపముననున్న భీమ్‌తాల్, సాత్‌తాల్, నౌకుచియాతాల్ సరస్సులను చూడవచ్చును.

చివరిది ప్రవర్తన. నైనీతాల్ ప్రజల త్రాగునీటికి ఈ సరస్సే ఆధారము. మురుగు, చెత్త చేరుటచే నాచు పెరిగి, అది కుళ్లునపుడు అడుగునీటిలోని ప్రాణవాయువు హరించును, చేపలు చచ్చును. దీనిని నివారించుటకై 2007వ సంవత్సరమునుండి సరస్సు అడుగునకు గొట్టములద్వారా గాలిని పంపుచు వచ్చిరి. కొండమీది కాలువలో పడవేసిన చిన్న పొట్లమైనను వానతో సరస్సును చేరును. ఆ నీరే ఊరివారి కడవలలోనికి వచ్చును. కావున యాత్రికుడు తీసికొనిపోవలసిన వస్తువులలో, తన చెత్తను తానే మోసికొని వచ్చుటకు ఒక ఖాళీ సంచియు ఉండవలెను.