రాజధాని లేఖ: పేర్లు లేని ఖాతా పుస్తకం

ఢిల్లీలో జి.బి. రోడ్డు ఎక్కడున్నదో చెప్పడానికి ఎవరూ తడుముకోరు. అజ్మీరీ గేటు నుంచి సాగే ఆ వీధిలో కింద యంత్ర పరికరాల దుకాణాలు, పైన కోఠాలు. స్వామి శ్రద్ధానంద మార్గమని పేరు మార్చినా జనం నోట పాత పేరే నిలిచింది. అయితే రాజధానిలో పడుపువృత్తి ఆ ఒక్క వీధికే పరిమితమై లేదు. ఎస్కార్టు ఏజెన్సీ అనబడే వ్యాపారానికి వీధి లేదు, బోర్డు లేదు. నాలుగు ఫోన్లు, ఒక కారు, ఒక ఖాతా పుస్తకం ఉంటే చాలు. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి సేవల ప్రకటనలున్న 240 వెబ్‌సైట్లను నిలిపివేయవలసిందిగా ఆదేశించింది. వ్యాపారం మాత్రం ఆగలేదు. ప్రకటనలు చిరునామా మార్చుకున్నాయి, అంతే.

ఈ వ్యాపారం తెర వెనుక పదకొండు నెలలు పనిచేసిన ఒక తెలుగు యువకుడితో ఈ వారం రెండు సాయంత్రాలు మాట్లాడే అవకాశం నాకు కలిగింది. ఊరూ పేరూ చెప్పను. గోదావరి ప్రాంతం వాడని చెబితే చాలు. సివిల్ సర్వీసుల శిక్షణ కోసం రాజిందర్ నగర్ వచ్చి, రెండు ప్రయత్నాలూ విఫలమై, గది అద్దె చెల్లించలేని స్థితిలో ఉండగా 'ట్రావెల్ కంపెనీలో రాత్రి డ్యూటీ, హిందీ, ఇంగ్లీషు వస్తే చాలు' అన్న మాట నమ్మి చేరాడు. అది ఎటువంటి ట్రావెల్ కంపెనీయో మూడో రోజుకే తెలిసింది. తెలిసిన తరువాత కూడా మానలేదు. ఈ సంగతి నేను రాబట్టలేదు, అతడే చెప్పాడు. "నెలకు పద్దెనిమిది వేలండీ. అందులో సగం ఇంటికి పంపేవాణ్ణి. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నానని మా నాన్నగారితో చెప్పాను."

దక్షిణ ఢిల్లీలో ఒక అద్దె ఫ్లాటు. రాత్రి ఏడు గంటల నుంచి తెల్లవారుజాము నాలుగు వరకు ఫోన్లు మోగుతూనే ఉంటాయి. బేరం కుదిరితే హోటలు పేరు, గది నెంబరు రాసుకోవాలి. హోటలుకు తిరిగి ఫోన్ చేసి ఆ గదిలో ఆ పేరుగల మనిషి ఉన్నాడో లేడో నిర్ధారించుకోవాలి. ఆ తరువాత డ్రైవరుకు కబురు. డ్రైవరు బయట కారులో కూర్చుని గంటలు లెక్కపెడతాడు. గడువు దాటితే ఫోన్ చేస్తాడు. ఈ సంభాషణలలో ఎక్కడా స్త్రీ అన్న మాట దొర్లదు. 'ప్రొఫైల్' అంటారు, 'ప్యాకేజీ' అంటారు. యజమానిని ఆ పదకొండు నెలల్లో అతడు రెండే రెండు సార్లు చూశాడు. ఫ్లాటు అద్దె ఒప్పందం ఒకరి పేర, సిమ్ కార్డులు ఇంకొకరి పేర.

అతడికి అప్పగించిన అసలు పని ఖాతా పుస్తకం. అందులో స్త్రీలకు పేర్లు లేవు, నెంబర్లున్నాయి. విటుడు ఇచ్చిన మొత్తం, అందులో ఏజెన్సీ వాటా, కారు ఖర్చు, బట్టల ఖర్చు, గది అద్దె, చివరగా 'పై ఖర్చు'. ఈ చివరి పద్దు దేనికో రాజధానిలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఇవన్నీ పోగా మిగిలిన దానిలో కొంత ఆమె చేతికి, కొంత ఆమె 'అడ్వాన్సు' బాకీకి జమ. ఆ అడ్వాన్సు ఆమె కళ్ల చూసిన డబ్బు కాదు. ఆమెను తీసుకువచ్చిన వాడికి ముట్టినది.

కడప, అనంతపురం ప్రాంతాల నుంచి కరువు కాలాల్లో స్త్రీలను ఢిల్లీకి, ముంబయికి, పుణేకు చేరవేసిన వైనం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఒక రాత్రి డ్రైవరు ఫోన్‌లో 14వ నెంబరు స్త్రీ హిందీలో మాట్లాడుతూ, ఇతడి యాస గుర్తుపట్టి తెలుగులోకి వచ్చింది. "అన్నా, నా బాకీ ఇంకా ఎంతుందో జెప్తావా?" పుస్తకం ఎదురుగానే ఉంది. చెప్పరాదని యజమాని ఆజ్ఞ. "తెలియదమ్మా అన్నానండీ" అని నాతో చెప్పి అతడు చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి నెల పని మానేశాడు.

ఇది జరిగిన కొంతకాలానికి ఆ ఫ్లాటుపై పోలీసులు దాడి చేశారు. ముగ్గురు స్త్రీలు, డ్రైవరు దొరికారు. యజమాని దొరకలేదు. పుస్తకమూ దొరకలేదు. డ్రైవరు ఇచ్చిన వాంగ్మూలం వల్ల ఇతడికి విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. "నేను ఎవర్నీ తాకలేదండీ. ఫోన్ ఎత్తాను, లెక్క రాశాను. నేను నేరస్థుణ్ణేనా?" అన్నది అతడి ప్రశ్న.

మన పత్రికలు పీటా అని పిలిచే చట్టం 1956 నాటిది. 1978లోనూ, 1986లోనూ దానిని సవరించారు. ఈ చట్టం పడుపువృత్తిని స్వతహాగా నేరమనలేదు. దాని చుట్టూ జరిగే వ్యాపారాన్ని నేరమన్నది. వేరొకరి పడుపు సంపాదనపై తెలిసి జీవించడం 4వ సెక్షను కింద నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తార్పుడు 5వ సెక్షను; మూడు నుంచి ఏడేళ్లు. జీతం తీసుకున్న గుమాస్తా ఈ వల నుంచి తప్పించుకోవడం సులభం కాదు. విటుని మాటకు వస్తే న్యాయస్థానాలలోనే ఏకాభిప్రాయం లేదు. అతడికి ఈ సెక్షన్లు వర్తించవని 2014లో హైదరాబాదులోని హైకోర్టు అన్నది. తార్పుడు సెక్షను అతడికీ వర్తిస్తుందని 2025లో కేరళ హైకోర్టు అన్నది.

పార్లమెంటు ఈ చిక్కు విప్పే ప్రయత్నం చేయకపోలేదు. 2006 మే నెలలో, ఖమ్మం నుంచి లోక్‌సభకు ఎన్నికైన రేణుకా చౌదరి స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ మంత్రిగా ఉండగా వచ్చిన సవరణ బిల్లు, స్త్రీలను శిక్షించే 8వ సెక్షనును తొలగించి విటుని శిక్షించాలని ప్రతిపాదించింది. విటుని శిక్షిస్తే వ్యాపారం మరింత చాటుకు పోయి ఎయిడ్స్ నివారణ కృషి దెబ్బతింటుందన్న వాదన ఎదురయింది. 2009లో లోక్‌సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. మనుషుల అక్రమ రవాణాపై మరొక బిల్లు 2018 జూలైలో లోక్‌సభ ఆమోదం పొందినా రాజ్యసభ గడప దాటలేదు. 2019లో అదీ మురిగిపోయింది. 2022 మేలో జస్టిస్ లావు నాగేశ్వరరావు అధ్యక్షతన గల సుప్రీంకోర్టు ధర్మాసనం, ఈ వృత్తిలోని స్త్రీలను పోలీసులు గౌరవంగా చూడాలనీ, పత్రికలు వారి గుర్తింపు బయటపెట్టరాదనీ చెప్పింది.

కొత్త చట్టం రావాలన్న మాట నిజమే. కాని పాత చట్టంలోనే ఉన్న 6వ సెక్షనును ఎందరు చదివారు? స్త్రీని నిర్బంధించిన వానికి సాధారణంగా ఏడేళ్లకు తక్కువ కాని శిక్ష. అది యావజ్జీవం కూడా కావచ్చు. ఆమె నగలు, బట్టలు, డబ్బు తన దగ్గర అట్టిపెట్టుకుంటే నిర్బంధించినట్లే భావించవచ్చునని ఆ సెక్షనే చెబుతుంది. అలా నిర్బంధించిన వాడు బాకీ ఉన్నదంటూ ఆమెపై దావా వేయడానికి వీలు లేదనీ చెబుతుంది. తలుపుకు తాళం లేకపోయినా లెక్కల పుస్తకంతో మనిషిని బంధించవచ్చునని ఆనాటి శాసనకర్తలకు తెలుసు. అప్పుకు మనిషిని కట్టివేసే వెట్టిని 1976 చట్టం దేశమంతటా రద్దు చేసింది కూడా.

అందుచేత ఆ యువకుడి ప్రశ్నకు నా సమాధానం ఇది. నిర్దోషినని చెప్పుకునే అవకాశం అతడికి తక్కువ. కాని పుస్తకం దొరకని ఈ కేసులో అందులోని లెక్క తెలిసిన వాడు అతడే. నేరంలో భాగమున్న వాడు నిజం పూర్తిగా బయటపెడితే కోర్టు క్షమాభిక్ష ఇవ్వగల పద్ధతి మన నేరవిచారణ చట్టంలో ఉంది. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. వీటిని అతడికి విప్పి చెప్పవలసిన వారు న్యాయవాది, ఆ తరువాత పోలీసులు. ముగ్గురు స్త్రీల ఫొటోలు తీసి, డ్రైవరును కోర్టుకు పంపి, గుమాస్తాను నిందితుల జాబితాలో చేర్చి కేసు ముగిస్తే, యజమాని మరొక ఫ్లాటులో మరొక పుస్తకం తెరుస్తాడు. దాడి చేసిన ప్రతి చోటా అధికారులు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈమె ఎవరికి, ఎంత బాకీ? 14వ నెంబరు అడిగినదీ అదే.