నీలకంఠశాస్త్రి: ఒక పాఠ్యగ్రంథం విలువ

దక్షిణ భారత చరిత్రను కళాశాలలో చదివినవారిలో కె.ఎ. నీలకంఠశాస్త్రి పేరు వినని వారు అరుదు. ఆయన ఇంగ్లీషులో రాసిన 'ఎ హిస్టరీ ఆఫ్ సౌత్ ఇండియా' 1955లో వెలువడింది. భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడింది ఆ మరుసటి ఏడాదే. ఆంధ్రదేశానికి వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలని మేము కోరుతున్నాం.

శాస్త్రిగారు 1892లో తిరునెల్వేలి ప్రాంతంలోని కల్లిడైకురిచ్చిలో జన్మించారు. తిరునెల్వేలిలో, కాశీలో, చిదంబరంలో అధ్యాపకులుగా పనిచేసి, 1929లో మద్రాసు విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యులయ్యారు. 1946 వరకు అక్కడే ఉన్నారు. తర్వాత కొంతకాలం మైసూరులో బోధించారు. 1957లో పద్మభూషణ్ పురస్కారం పొందారు. 1975లో కన్నుమూశారు.

ఆయన పాఠ్యగ్రంథానికి పునాది పాతికేళ్ల పరిశోధన. పాండ్యుల చరిత్రను 1929లో, చోళుల చరిత్రను 1935-37లో ప్రకటించారు. నేలటూరి వెంకటరమణయ్యగారితో కలిసి 1946లో విజయనగర చరిత్రకు సంబంధించిన ఆధారాలను మూడు సంపుటాలుగా వెలువరించారు. శాసనాలు, కావ్యాలు, విదేశీయుల రాతలు మూడింటినీ సరిపోల్చి చూడడం ఆయన పద్ధతి.

ఈ పుస్తకం మనకెందుకు అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. రాజరాజచోళుని కుమార్తె కుందవ్వను వేంగి చాళుక్య విమలాదిత్యుడు పెళ్లాడాడు. వారి కొడుకు, నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడు. అతని కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. ఆంధ్ర చరిత్ర ఒకచోట, తమిళ చరిత్ర మరొకచోట చదివితే ఈ కుటుంబ కథ రెండు ముక్కలవుతుంది. శాస్త్రిగారి పుస్తకంలో అది ఒకే కథ. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ, సంస్కృత సాహిత్యాలు కూడా అందులో ఒకే అధ్యాయంలో కనిపిస్తాయి.

అయితే పాఠ్యగ్రంథమే తుదిమాట కాదు. చోళ ప్రభుత్వం బలమైన కేంద్రాధికారంతో నడిచిందన్న ఆయన అభిప్రాయాన్ని బర్టన్ స్టైన్ 1980లో ప్రచురించిన గ్రంథంలో గట్టిగా ప్రశ్నించాడు. పైగా ఈ పుస్తకం విజయనగర పతనంతో ముగుస్తుంది. మదురై, తంజావూరు నాయకరాజుల కాలాన్ని, ఆనాటి తెలుగువారి జీవితాన్ని వివరంగా తెలుసుకోవాలంటే వేరే గ్రంథాలు చూడాలి. శాస్త్రిగారు కూడా కొత్త ఆధారాలు దొరికినకొద్దీ తన పుస్తకాన్ని సవరించి మళ్లీ ప్రచురించారు. అందువల్ల చదవబోయే విద్యార్థులు మొదట అది ఏ ముద్రణో చూసుకోవడం మంచిది.