తోట వేయుటకు ముందు గొయ్యి త్రవ్వి చూడండి

పైరు తప్పినచో మరుసటి ఏడు దిద్దుకొనవచ్చును. చెట్టు సంగతి అట్లు కాదు. బత్తాయి నాటి, ఐదారేండ్లు నీరు పెట్టి, తీరా కాపునకు వచ్చు వేళకు ఆకులు పసుపెక్కి కొమ్మలు ఎండుట చూచిన రైతుకు ఆ నష్టమెంతయో తెలియును. తరచుగా లోపము మొక్కలో ఉండదు, అడుగు నేలలో ఉండును.

కనుక మొక్కలు కొనుటకు ముందే పొలములో నాలుగైదు చోట్ల ఆరడుగుల లోతు గోతులు త్రవ్వించండి. పైన చక్కని ఎర్రమన్ను కనిపించినను, రెండడుగులకే తెల్లని సున్నపు పొర తగులవచ్చును. అట్టిచోట బత్తాయి, నిమ్మ వేయరాదు. గోతిని నీటితో నింపి మరునాడు చూడండి. నీరు ఇంకక నిలిచియున్నచో ఆ నేలయు వానికి పనికిరాదు. లోతుగా ఉండి నీరింకు ఎర్రనేలలో బత్తాయియే కాదు, మామిడియు వేసికొనవచ్చును. మొరము నేలలో సీతాఫలము, రేగు బ్రతుకును. సముద్రతీరపు ఇసుకలో జీడిమామిడి, సరుగుడు వచ్చును. నల్లరేగడి గట్లపై వేప, నల్లతుమ్మ వేయండి. తుమ్మ నీడ పైరుకు కొంత చేటే, అయినను దాని గట్టి కర్రను కాదనువారుండరు.

బత్తాయిలో రంగపూర్ నిమ్మపై కట్టిన అంటునే అడగండి. అంటు కట్టిన చోటు నేలకు అరడుగు ఎత్తున ఉండునట్లు నాటవలెను. దాని క్రింద పుట్టు చిగుళ్ళను ఎప్పటికప్పుడు త్రుంచివేయండి. లేకున్న అవి పెరిగి బత్తాయిని అణచివేయును. మొదలు తడిసినచో బంక తెగులు పట్టును. అందుచేత మొదలు చుట్టు చిన్న కట్ట వేసి, దాని వెలుపలి పాదులోనే నీరు పెట్టండి. చెట్టు పెరిగినకొలది పాదును వెడల్పు చేయుచుండండి.