మొదటి కాన్పు ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనేనా?

పాత నగరం తల్లులు ముందే అడిగి తెలుసుకోవలసిన సంగతులు

మొదటి కాన్పు సిజేరియన్ అయిన ఇల్లాలు మళ్లీ నెల తప్పితే పాత నగరం ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "పోయినసారి కోసి తీశారు కదా, ఈసారీ అంతే." హుసేనీ ఆలంలోనైనా, యాకుత్‌పురాలోనైనా, లాల్ దర్వాజాలోనైనా ఈ మాటలో తేడా లేదు. అత్తగారు అంటుంది, పక్కింటావిడ అంటుంది, వీధి చివరి నర్సింగ్ హోంలో ఆయమ్మ సైతం అంటుంది. తేదీ ముందే ఖరారవుతుంది. కొందరైతే పంచాంగం చూపించి ముహూర్తం కూడా పెట్టించుకుంటారు.

ఈ మాట ఇక్కడ పుట్టింది కాదు. న్యూయార్క్‌కు చెందిన ఎడ్విన్ క్రాగిన్ అనే వైద్యుడు 1916లో చెప్పిన సూత్రం అది. ఆ రోజుల్లో గర్భసంచిని పై భాగాన నిలువుగా కోసేవారు. మళ్లీ నొప్పులు వస్తే ఆ కుట్టు విడిపోయే భయం ఎక్కువ. ఇప్పుడు సాధారణంగా కింది భాగాన అడ్డంగా కోస్తారు. ఆ కుట్టు గట్టిగా నిలుస్తుంది. అయినా మాట మాత్రం నూరేళ్లు దాటినా పాతదే నడుస్తోంది.

ఒక్క సిజేరియన్ మాత్రమే అయి, అదీ కింది భాగపు అడ్డకోత అయిన తల్లులు మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి సఫలమవుతుందని బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం లెక్క. అంతకు ముందు ఒక్కసారైనా మామూలు కాన్పు అయి ఉంటే ఆ సంఖ్య 85 నుంచి 90. కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. ప్రమాదం అరుదే. కానీ వచ్చిందంటే తల్లికీ బిడ్డకూ నిమిషాలే గడువు. కనుక "నాకు మామూలు కాన్పు అవుతుందా" అని అడిగితే చాలదు. "ఎక్కడ, ఎవరి దగ్గర" అన్నది కూడా అడగాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. దేశం మొత్తం మీద 21.5. ఇక రెండో కాన్పుకు వచ్చే వారిలో ఎందరికి పాత కుట్టు ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇద్దరితో ఆపుకునే ఇంట్లో రెండో ఆపరేషన్ కూడా పెద్ద చిక్కు కాకపోవచ్చు. నలుగురు పిల్లలు కావాలనుకునే ఇంట్లో మాత్రం కోత మీద కోత పడే కొద్దీ మాయ పాత కుట్టులోకి అతుక్కుపోయి, కాన్పు వేళ విపరీతంగా నెత్తురు పోయే ప్రమాదం పెరుగుతుంది. ఈ సంగతి మొదటి ఆపరేషన్ నాడే చెప్పే డాక్టర్లు తక్కువ.

కాగితమే ఆధారం

పొట్ట మీద మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోత కూడా అడ్డంగానే ఉందనుకోరాదు. అది తెలిపేది మొదటి ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ వివరాలు. అవి సాధారణంగా ఇల్లు మారినప్పుడు పోతాయి, లేదా పుట్టింట్లో ఉండిపోతాయి. ఆ కాగితం చూస్తేనే డాక్టరు ఏ సంగతైనా తేల్చగలరు. బిడ్డ అడ్డం తిరిగో, ఎదురు కాళ్లతోనో ఉన్నందువల్ల కోశారంటే ఈసారీ అలాగే ఉండాలని లేదు. నిలువు కోత ఉన్నవారికి, గతంలో కుట్టు విడిపోయినవారికి మాత్రం మామూలు కాన్పు ప్రయత్నం తగదు. రెండు కాన్పుల నడుమ ఏడాదిన్నర కన్నా తక్కువ ఎడం ఉన్నా ప్రమాదం హెచ్చు. నొప్పులు రావడానికి మందు పెట్టే విషయంలోనూ జాగ్రత్త అవసరం. మీసోప్రోస్టాల్ వంటి మాత్రలు పాత కుట్టు ఉన్నవారికి వాడరాదు.

నొప్పి సంగతి

చాలామంది ఆపరేషన్ కోరుకునేది కుట్టుకు భయపడి కాదు, నొప్పులకు భయపడి. ఆ భయాన్ని చిన్నబుచ్చడం ప్రసూతి వార్డుల్లో పరిపాటి. "మేం కనలేదా అమ్మా" అనేస్తారు. నిజానికి నొప్పి తెలియకుండా చేసే విద్యకు ఈ ఊళ్లో మంచి చరిత్రే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన 1888లోను, 1889లోను హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. రెండో దానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఖర్చు నిజాంది. క్లోరోఫాం గుండెకు నేరుగా హాని చేయదన్న వారి తీర్పు తర్వాత నిలవలేదనుకోండి. ఆ రోజుల్లోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పలువురు పేర్కొంటారు.

నేడు వాడేది ఎపిడ్యూరల్. నడుము వద్ద వెన్ను పొర బయట సన్నని గొట్టం అమర్చి, కొద్ది కొద్దిగా మందు ఎక్కిస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది. పాత కుట్టు ఉన్నవారికి ఇది పనికిరాదని, కుట్టు విడిపోతే ఆ నొప్పి తెలియదని ఒకప్పుడు భయపడేవారు. ఆ భయం నిలవలేదు. కుట్టు విడిపోయినప్పుడు ఎక్కువగా ముందు కనబడేది బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా. అందుకే యంత్రంతో దాన్ని ఎడతెగకుండా చూస్తూ ఉండాలి. మందు ఇస్తున్నా ఆగని కొత్త నొప్పి వస్తే అది కూడా హెచ్చరికే. పైగా అవసరమై ఆపరేషన్ చేయవలసి వస్తే అదే గొట్టంలో మందు పెంచి చేయవచ్చు.

చిక్కల్లా మత్తు డాక్టరు దొరకడంలోనే. రద్దీ ఆస్పత్రుల్లో వారు ఆపరేషన్ థియేటర్‌కే సరిపోతారు. అలాంటి చోట ఖర్చు లేని ఉపాయం, తోడు. తల్లో అక్కో పక్కన ఉండి నడుము రుద్దుతూ, నడిపిస్తూ ఉంటే నొప్పి మందుల అవసరమే తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. 2017లో కేంద్రం ప్రారంభించిన ‘లక్ష్య’ పథకం కాన్పు గదిలో తోడును ప్రోత్సహిస్తోంది. అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఎక్కడికి వెళ్లాలి?

పాత నగరానికి పెద్ద దిక్కు పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి. ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధమైనది. రద్దీ మాట అటుంచితే, ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఉండడం పెద్ద ధైర్యం. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను తయారుచేసే పని తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఆస్పత్రుల తోడ్పాటుతో కరీంనగర్‌లో మొదలుపెట్టింది. వారి కోర్సు 18 నెలలు. వీరు పాత మంత్రసానులు కారు. నొప్పుల వేళ వీరు పక్కన ఉండడం తల్లికి ఎంతో ఆసరా. అయితే పాత కుట్టు ఉన్న తల్లిని మిడ్‌వైఫ్ ఒక్కరికే వదలరాదు, డాక్టరు అందుబాటులో ఉండవలసిందే. ఇంట్లో కాన్పు మాట అసలే వద్దు.

చిన్న నర్సింగ్ హోంకు వెళ్లేవారు ఏడో నెలలోనే సూటిగా అడగాలి. రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఆస్పత్రిలోనే ఉంటారా, కబురు పెడితే వస్తారా? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? పోయిన ఏడాది పాత కుట్టు ఉన్నవారిలో ఎందరికి మామూలు కాన్పు చేశారు? జవాబు నసిగితే వేరే చోటు చూసుకోవడం మేలు.

నొప్పులు మొదలయ్యాక ఇంట్లో కాలక్షేపం చేయరాదు. నొప్పికి నొప్పికి నడుమ కూడా కుట్టు దగ్గర పోటు ఆగకపోయినా, నెత్తురు కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా తక్షణమే బయలుదేరాలి. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ, గణేశ్ నిమజ్జనం నాడు ఊరేగింపు దారి పొడవునా బండి కదలదు. నెలలు నిండే రోజులు ఆ తేదీల్లో పడితే ఏ దారిన ఆస్పత్రి చేరాలో ముందే చూసి పెట్టుకోవాలి. 108కి ఫోన్ చేసినప్పుడు "పాత ఆపరేషన్ కుట్టు ఉంది" అన్నది మొదటి మాటగా చెప్పాలి.