పాత ఇంటిబండికి కొత్త ప్రాణము

మోటారుకారు వెనుక ఒక చిన్న గదివంటి బండిని తగిలించుకొని, సెలవు దినములలో అడవులకును సరస్సుల ఒడ్డులకును పోయి, అచటనే వండుకొని తిని, పిల్లలతో నాలుగు రాత్రులు గడపి వచ్చుట అమెరికా దేశములో నూరేండ్లుగా ఉన్న అలవాటు. ఆ బండిని ట్రావెల్ ట్రైలరు అందురు. దానికి ఇంజను ఉండదు. రెండు లేక నాలుగు చక్రములు, మన ఎద్దుబండికి వలెనే ముందుకు చాచిన నొగ, ఆ నొగ చివర కారునకు తగిలించు కొలికి ఉండును. లోపల మంచములు, పొయ్యి, నీళ్ల తొట్టి, దీపములు అమర్చి ఉండును.

1950, 1960 దశాబ్దములలో తయారైన ఇట్టి బండ్లు నేటికిని అచటి దొడ్లలో అనేకము పడియున్నవి. వానిని కొని బాగుచేసి వాడుకొనవలెనను వేడుక ఇటీవల చాలమందికి కలిగినది. కాని అరువది ఏండ్ల బండికి పైన మెరుగు పెట్టి, లోపల కొత్త పరుపులు వేసి బయలుదేరినచో అది ప్రాణాపాయము. చక్రము ఊడవచ్చును, బండి ఊగి కారును కూడ పల్టీకొట్టించవచ్చును, రాత్రి నిద్రలో విషవాయువు వ్యాపించవచ్చును. ఈ అపాయములు ఎట్లు కలుగును? వానిని ముందుగా కనిపెట్టుట ఎట్లు? ఇందుకు కావలసిన విజ్ఞానము చాలవరకు ఉన్నత పాఠశాల పుస్తకములలోనే ఉన్నది.

విమానమునకు చుట్టము

ఈ బండ్లలో ప్రసిద్ధమైనది ఎయిర్‌స్ట్రీము. 1927లో లిండ్‌బర్గు అట్లాంటిక్ మహాసముద్రమును ఒంటరిగా దాటిన విమానము యొక్క నిర్మాణమును పర్యవేక్షించిన హాలీ బౌలస్ అను ఆయన, 1934లో అల్యూమినియపు రేకులతో, విమానపు పొట్టవంటి ఆకారముతో ఒక ట్రైలరును నిర్మించెను. దాని తలుపు ముందువైపున, నొగకు పైన ఉండెడిది. వాలీ బయం అను మరియొకరు ఆ నమూనాను స్వీకరించి, తలుపును ప్రక్కకు మార్చి, 1936లో 'క్లిప్పరు' అను బండిని వెలువరించెను. ప్రపంచ యుద్ధకాలమున అల్యూమినియము దొరకక ఈ పరిశ్రమ ఆగిపోయి, యుద్ధానంతరము మరల సాగినది. 1963–64లో ఈ బండ్ల వరుస ఒకటి సింగపూరు నుండి యూరపు వరకు సాగి, త్రోవలో మన దేశమునకు కూడ వచ్చినది. 1969లో చంద్రుని మీదనుండి తిరిగివచ్చిన అపోలో 11 వ్యోమగాములను మొదటి దినములలో వేరుగా ఉంచిన గది కూడ ఎయిర్‌స్ట్రీము బండినుండి తయారుచేసినదే.

ఈ బండి బలమంతయు దాని పై తొడుగులో ఉన్నది. కోడిగ్రుడ్డు పెంకు పలుచనిదైనను వంపు వలన బలము పొందును గదా. అటులనే సుమారు 0.8 మిల్లీమీటరు మందముగల రేకును వంపు పక్కటెముకల మీద రివెట్లతో బిగించినపుడు, రేకు, ఎముకలు, లోపలి రేకు అన్నియు కలిసి భారమును మోయును. కావున ఏదో ఒక భాగము చెడినచో తక్కినవాని మీద బరువు పెరుగును.

మొదటి శత్రువు నీరు

కిటికీల చుట్టును, రేకుల అతుకులవద్దను సన్నని సందులు ఏర్పడి వాననీరు లోపలికి దిగును. రేకుల నడుమ ఉన్న గాజుదూది ఆ నీటిని పట్టి ఉంచును. అచటినుండి అది నేలకు జారును. నేల ప్లైవుడ్డుతో చేసినది. దాని అంచులు గోడలకును ఇనుప చట్రమునకును నడుమ బిగించబడి ఉండును. కఱ్ఱలో తేమ సుమారు 20 శాతమునకు లోబడి ఉన్నంతకాలము శిలీంధ్రములు పెరుగజాలవు. అది మించినచో అవి కఱ్ఱను తిని చివికించును. పైన పరచిన తివాసి శుభ్రముగానే కనబడును గాని, అంచులవెంట ఆరెతో పొడిచి చూచినచో అది మెత్తగా దిగబడును. కొనువారు మొట్టమొదట చేయవలసిన పరీక్ష ఇదియే.

అతుకులు ఏల విడును? ఇందుకు ఒక చిన్న లెక్క కలదు. ఉష్ణోగ్రత ఒక సెంటిగ్రేడు డిగ్రీ పెరిగినచో అల్యూమినియము తన పొడవులో పదిలక్షల వంతులకు 23 వంతులును, ఉక్కు 12 వంతులును సాగును. బండి పొడవు 6 మీటర్లు, రాత్రి పగళ్ల నడుమ లోహపు ఉష్ణోగ్రతలో తేడా 40 డిగ్రీలు అనుకొందము. అల్యూమినియపు తొడుగు సుమారు 5.5 మిల్లీమీటర్లు, ఉక్కు చట్రము 2.9 మిల్లీమీటర్లు సాగును. ఒకదానికొకటి బిగించిన ఈ రెంటి నడుమ 2.6 మిల్లీమీటర్ల లాగుడు దినదినము కలుగుచుండును. అందువలన అతుకులలో నింపు లప్పము ఎండి గట్టిపడునది కారాదు. ఏండ్ల తరబడి సాగి ముడుచుకొనగల రబ్బరువంటిది కావలెను.

నీరు దిగుచోటు కనిపెట్టుటకు ఒక సులభోపాయము కలదు. తలుపులు, కిటికీలు మూసి, ఒక పంకాతో లోపలికి గాలిని త్రోసి, వెలుపల అతుకులమీద సబ్బునీరు పూయుదురు. సందు ఉన్నచోట బుడగలు లేచును. సైకిలు ట్యూబును నీటిలో ముంచి చూచుట వంటిదే ఈ పద్ధతి.

నేల తీయునపుడు మరియొక జాగ్రత్త అవసరము. మూసియున్న బండ్లలో ఎలుకలు గూళ్లు కట్టును. అమెరికాలో కొన్ని జాతుల ఎలుకల మలమూత్రములలో హంటా వైరసు ఉండును. దానివలన కలుగు ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల జబ్బును అచట 1993లో గుర్తించిరి. కాబట్టి ఆ చెత్తను పొడిగా చీపురుతో ఊడ్వరాదు. గాలి ఆడనిచ్చి, క్రిమిసంహారక ద్రవముతో బాగుగా తడిపి, చేతి తొడుగులు ధరించి ఎత్తివేయవలెను.

రెండు లోహముల పొత్తు

అల్యూమినియపు తొడుగు ఉక్కు చట్రమునకు తగులుచోట ఉప్పుతో కూడిన తేమ చేరినచో అచట ఒక చిన్న విద్యుత్ ఘటము ఏర్పడును. సాధారణముగా అల్యూమినియము ఎలక్ట్రానులను విడిచి క్షయించును. మంచు కురియు ప్రాంతములలో బాటలమీద ఉప్పు చల్లుదురు. సముద్రతీరములో గాలియే ఉప్పగా ఉండును. అట్టిచోట తిరిగిన బండ్లలో రేకు అంచులు తెల్లని పొడిగా మారి, వెనుక భాగము చట్రము నుండి విడిపోవుట కద్దు. వెనుక బంపరుమీద నిలిచి మెల్లగా ఊగినపుడు చట్రము కదిలి తొడుగు కదలకున్నచో ఆ జబ్బు ముదిరినదని తెలిసికొనవచ్చును. ఉక్కును శుభ్రపరచి రంగు వేయుట, రెండు లోహముల నడుమ విద్యుత్తును పారనీయని పట్టీ ఉంచుట, నీరు చేరకుండ చూచుట, ఇవియే చికిత్సలు.

చెడిన రేకును మార్చుటకు ఇద్దరు కావలెను. రంధ్రములో రివెట్టు ఉంచి ఒకరు వెలుపలనుండి గాలి సుత్తితో కొట్టుచుండగా, మరియొకరు లోపల బరువైన ఉక్కు దిమ్మెను ఆనించి పట్టుకొందురు. రివెట్టు తోక నలిగి వెడల్పై రంధ్రమును నిండించును. మర మేకువలె ఇది అదరువలన వదులు కాదు.

అద్దమువంటి మెరుపునకు కూడ హద్దు కలదు. 1950, 60లలోని చాల ఎయిర్‌స్ట్రీము బండ్లకు వాడిన రేకు రాగి కలిసిన గట్టి మిశ్రలోహము. రాగి వలన దానికి బలము వచ్చును గాని తుప్పును ఓర్చుకొను గుణము తగ్గును. అందుచేత ఇత్తడి గిన్నెకు కళాయి వేసినట్లు దానికి ఇరువైపుల శుద్ధమైన అల్యూమినియపు పొర అతికింతురు. ఆ పొర మొత్తము మందములో ఒక్కొక్క వైపున 5 శాతము మాత్రమే, అనగా 0.8 మిల్లీమీటరు రేకుమీద 0.04 మిల్లీమీటరు. ఉప్పుకాగితముతో రుద్దినచో మెరుపుతోబాటు రక్షణ కూడ పోవును. మెత్తని లేపనముతో, మెత్తని గుడ్డతో ఓపికగా రుద్దవలెను.

ఇరుసు, చక్రములు

1960 దశాబ్దములోని ఎయిర్‌స్ట్రీము బండ్ల ఇరుసులలో ఉక్కు పట్టీల స్ప్రింగులు ఉండవు. ఒక గొట్టములో రబ్బరు కడ్డీలను ఇరికించి, అవి నలుగుటవలన కుదుపు తగ్గునట్లు చేసిరి. రబ్బరు కాలక్రమమున ఆక్సిజను వలనను, ఎడతెగని భారము వలనను గట్టిపడి స్థితిస్థాపకతను కోల్పోవును. చక్రమును పట్టియున్న చేయి క్రిందికి వాలియుండవలసినది పైకి తిరిగి ఉన్నచో ఇరుసు పనికిరాదు. కుదుపంతయు రివెట్లకు పోవును. ఇట్టి ఇరుసును బాగుచేయుట కంటె మార్చుటయే మేలు.

టైర్ల సంగతియు అంతే. గాడులు లోతుగా ఉన్నంతమాత్రమున టైరు మంచిదని తలపరాదు. నీడన నిలిపియుంచినను రబ్బరు ముదురుచునే ఉండును. 2000వ సంవత్సరము నుండి టైరు ప్రక్కన నాలుగంకెలు ముద్రించుచున్నారు. 2319 అని ఉన్నచో అది 2019లో 23వ వారమున తయారైనదని అర్థము.

నొగమీది బరువు

మన బండివానికి బాగుగా తెలిసిన సంగతి ఒకటి కలదు. బస్తాలన్నియు వెనుక వేసినచో బండి వెనుకకు మొగ్గి, కాడి ఎద్దుల మెడనుండి పైకి లేచును. ట్రైలరునకును ఇదే న్యాయము. కాని వేగమువలన అపాయము ఎక్కువ. గరిమనాభి ఇరుసునకు తగినంత ముందు లేకున్నచో, ప్రక్కగాలి ఒకసారి త్రోయగానే బండి లోలకమువలె ఇటునటు ఊగనారంభించును. తక్కువ వేగములో ఆ డోలనములు తమంతట అణగును. ఒక హద్దు మించిన వేగములో ఒక్కొక్క ఊపు మునుపటికంటె పెద్దదగును. అపుడు కారు నడుపువాని చేతిలో ఏమియు ఉండదు. అందుచేత మొత్తము బరువులో 10 నుండి 15 శాతము నొగమీద పడునట్లు సామాను సర్దవలెనని నియమము.

దీనిని ఇంటిలోని తూకపు యంత్రముతోనే కొలువవచ్చును. ఒక గట్టి దూలము యొక్క ఒక కొనను ఇనుప గొట్టము మీదను, రెండవ కొనను తూకపు యంత్రము మీదను ఉంచుము. గొట్టమునకు 1 అడుగు, యంత్రమునకు 2 అడుగుల దూరములో నొగను దూలము మీదికి దింపుము. గొట్టము చుట్టును భ్రామకములను లెక్కించినచో యంత్రముమీద పడునది నొగ బరువులో మూడవ వంతు. యంత్రము 60 కిలోలు చూపినచో నొగ బరువు 180 కిలోలు. బండి మొత్తము 1,500 కిలోలైనచో ఇది 12 శాతము, సరిపోయినది.

ఇపుడు ఇరుసునకు 1 మీటరు వెనుక ఉన్న తొట్టిలో 100 లీటర్ల నీరు నింపితిమి. కొలికి ఇరుసునకు 4 మీటర్లు ముందున్నది. 100 కిలోల బరువు 1 మీటరు దూరములో కలిగించు భ్రామకము, కొలికివద్ద 25 కిలోలను పైకెత్తును. నొగ బరువు 155 కిలోలు, మొత్తము బరువు 1,600 కిలోలు. శాతము 10కి లోబడినది. నిన్న నిదానముగా నడచిన బండి నేడు నీరు నింపగానే ఊగుటకు కారణము ఇదియే. ఊగినపుడు కారును ఇటునటు త్రిప్పరాదు. యాక్సిలరేటరు మీదనుండి కాలు తీసి, ట్రైలరు చక్రముల బ్రేకును మాత్రము మెల్లగా వాడవలెను. అది బండిని వెనుకకు లాగి కారుతో ఒక వరుసకు తెచ్చును. కొలికి తెగినచో బ్రేకు తనంతట పడు ఏర్పాటు, అడ్డముగా తగిలించిన రెండు గొలుసులు తప్పక ఉండవలెను.

పొయ్యి, శీతల పెట్టె, గాలి

బండిలో పొయ్యికి ప్రొపేను వాయువు వాడుదురు. అది సున్నకు దిగువ 42 డిగ్రీలవద్దనే మరుగును. అందుచేత చలిలో కూడ వాయువుగా వెలువడును. మన వంటగ్యాసులో కలియు బ్యూటేను సుమారు సున్న డిగ్రీలవద్దనే ద్రవముగా నిలిచిపోవును. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. కారినచో నేలమీద నీటివలె పరచుకొని, నిప్పురవ్వ తగులగానే ప్రేలును. కావున వాయువును పసిగట్టు పరికరమును నేలకు దగ్గరగా ఉంచవలెను. పాత గొట్టములను, రబ్బరు పొరగల పీడన నియంత్రకమును మార్చి, ప్రతి కీలును సబ్బునీటితో పరీక్షింపవలెను. నిప్పుతో ఎన్నడును పరీక్షింపరాదు.

అంతకంటె మోసకరమైనది కార్బన్ మోనాక్సైడు. గాలి చాలక మంట సరిగా మండనిచోట ఇది పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ఆక్సిజను కంటె దీనిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. బండి గది చిన్నది. చలికి తలుపులు మూసి పడుకొందురు. కుంపటి గదిలో పెట్టుకొని నిద్రించినవారికి కలుగు గతియే ఇచటను కలుగును. పొయ్యితో గదిని వెచ్చచేసికొనరాదు. పొగ గొట్టము తుప్పు తిన్న పాత హీటరును వాడరాదు. హెచ్చరిక గంట లేనిదే ఒక్క రాత్రియు పిల్లలను అందులో పడుకొనబెట్టరాదు.

మంటతో చల్లదనము పుట్టించు శీతల పెట్టె మరియొక వింత. 1922లో స్వీడను విద్యార్థులు ప్లాటెన్, ముంటెర్సు కనిపెట్టిన ఈ పద్ధతిలో వేడి నీటిలోని అమ్మోనియాను తరుమును. అది ద్రవమై, హైడ్రోజను ఉన్న గొట్టములో ఆవిరియగుచు వేడిని గ్రహించి, మరల నీటిలో కరగును. కదులు భాగము ఒక్కటియు లేదు. ద్రవములు తమ బరువుతోనే ప్రవహించును గనుక బండి సమతలముగా నిలువవలెను. పెట్టె వెనుక పసుపుపచ్చని పొడియో, ఘాటైన అమ్మోనియా వాసనయో ఉన్నచో దానిని తీసివేయవలసినదే.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఉప్పునీటిలో తడిపిన కాగితమును అల్యూమినియపు రేకునకును ఇనుప మేకునకును నడుమ ఉంచి, సున్నితమైన వోల్టుమీటరును తగిలించినచో ముల్లు కొంచెము కదలును. మేకునకు బదులు రాగి తీగ వాడినచో ఎక్కువ కదలును. రెండు చక్రముల చిన్న బొమ్మబండిని వాలు బల్లమీద ఆటకారు వెనుక లాగించి, బంకమట్టి ముద్దను ఒకసారి ముందును, మరియొకసారి వెనుకను ఉంచినచో ఊగుటలోని తేడా విద్యార్థులకు కన్నులారా కనబడును. నొగ బరువును కొలుచు పద్ధతిని స్కేలుతోను, స్ప్రింగు త్రాసుతోను చేసి చూపవచ్చును.

బాగుచేయు వరుసలో మొదట నీటిని ఆపుట, పిమ్మట చట్రము, నేల, ఇరుసు, బ్రేకులు, ఆ తరువాత వాయువు, విద్యుత్తు, చిట్టచివర మెరుగు, పరుపులు రావలెను. చాలమంది ఈ వరుసను తలక్రిందు చేసి, చివికిన నేలమీద అందమైన బీరువాలు కట్టి, మరుసటి ఏట వానిని ఊడదీయుదురు. కంటికి కనబడు మెరుపు కంటె కనబడని బిగువు ముఖ్యమను సంగతిని పాత ఇంటిబండి మాత్రమే గాక మన ఊరి బస్సు, బడి కప్పు, ఇంటి పొయ్యి కూడ మనకు నేర్పుచున్నవి.