కాలేయానికి పట్టే తుప్పు: సిర్రోసిస్ ఎలా ముదురుతుంది?

మన తోటల కుటుంబాలలో ఎవరికైనా కాలేయం చెడిందని తెలిస్తే, "తాగి చెడగొట్టుకున్నాడు" అన్న మాటే ముందుగా వినబడుతుంది. బ్రిటిషువారి కాలంలో మలయా తోటలలో లైసెన్సు పొందిన కల్లు దుకాణాలు ఉండేవి. ఆ పైన సంసు అనే చవక సారా ఎన్నో ఇళ్లను కూల్చింది. కనుక ఆ మాట ఊరకే పుట్టలేదు. కానీ ఆ నిందకు వెరచి రోగాన్ని దాచుకునేవారు ఉన్నారు. మద్యం ముట్టనివారికి సైతం ఈ వ్యాధి వస్తుందని అందరూ గ్రహించాలి.

కాలేయం అంటే లివర్. మేక కాలేయాన్ని వంటింట్లో కార్జం అంటాము. మనిషి కాలేయం సుమారు ఒకటిన్నర కిలోల బరువుండి, కుడి పక్కటెముకల క్రింద ఉంటుంది. అది ఏళ్ల తరబడి దెబ్బతిని, మచ్చలు కట్టి, గట్టిపడి, గడ్డలు గడ్డలుగా మారిన స్థితియే సిర్రోసిస్. 1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ ఈ పేరు పెట్టాడు. పసుపు గోధుమ వన్నెను తెలిపే గ్రీకు పదం దీనికి మూలం.

తుప్పు, కాపలా

ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, లేనిదే మనం బ్రతకలేము. అయితే కణాలు దానిని వాడుకొనేటప్పుడు కొంత భాగం ఉగ్రరూపం దాల్చి, దగ్గరనున్న కొవ్వును, మాంసకృత్తులను, జన్యుపదార్థాన్ని గాయపరుస్తుంది. తోటలో వానకు వదిలిన కొడవలికి తుప్పు పట్టడం వంటిదే ఇది.

ఈ తుప్పును ఆపడానికి శరీరంలోనే కావలివారు ఉన్నారు. వారినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము ఉగ్రమైన ఆక్సిజన్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనేవి దానిని నీరుగా మారుస్తాయి. గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థాన్ని కాలేయమే విస్తారంగా తయారు చేస్తుంది. తుప్పు ఎక్కువై కాపలా చాలనప్పుడు కలిగే స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

త్రాసు ఎలా ఒరుగుతుంది?

మద్యం కాలేయంలో అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. నిత్యం తాగేవారిలో మద్యాన్ని విరిచే ఒక ఎంజైము పెరిగి, అదే ఉగ్ర ఆక్సిజన్‌ను మరింత పుట్టిస్తుంది. అదే సమయంలో గ్లూటాథయోన్ తరిగిపోతుంది. దాడి పెరుగుతుంది, కాపలా తగ్గుతుంది.

హెపటైటిస్ బి, సి వైరసులు, మధుమేహంతోను స్థూలకాయంతోను పేరుకొనే కొవ్వు కూడా ఈ త్రాసును ఇలాగే వంచుతాయి. దారులు వేరైనా చేరే చోటు ఒక్కటే.

కాలేయంలో విటమిన్ ఎ ను దాచుకొనే నక్షత్రాకార కణాలు ఉంటాయి. ఆక్సీకరణ ఒత్తిడి, వాపు వాటిని రేపగానే అవి తమ విటమిన్‌ను పోగొట్టుకొని, కొల్లాజెన్ అనే నారను అల్లసాగుతాయి. గాయం మానడానికి అల్లిన ఆ నారే గాయం ఆగనప్పుడు మచ్చగా పేరుకుంటుంది. రక్తం సాఫీగా పారదు. చివరకు పచ్చకామెర్లు, జలోదరం, రక్తపు వాంతులు వస్తాయి. అంతవరకు చాలాకాలం రోగికి ఏ బాధా తెలియకపోవచ్చు.

మాత్రలు మింగితే చాలునా?

చాలదు. 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మధుమేహం లేని కొవ్వు కాలేయ రోగులలో విటమిన్ ఇ వలన కొవ్వు, వాపు తగ్గాయి; మచ్చ తగ్గినట్లు రుజువు కాలేదు. గాఢమైన గ్రీన్ టీ సారం, పసుపు సారం మాత్రల వలన కాలేయం దెబ్బతిన్నవారు కూడా ఉన్నారు. కూరలో వేసే పసుపు వేరు, ఆ మాత్రలు వేరు.

కావలివారిని కొనితెచ్చుకొనడం కంటే దాడిని ఆపడమే మేలు. మద్యం మానాలి, బరువును, చక్కెరను అదుపులో ఉంచాలి. రోజూ తాగేవారు వైద్యుని సలహాతో మానడం క్షేమం. మలేషియాలో 1989 నుండి శిశువులకు హెపటైటిస్ బి టీకా వేస్తున్నారు. అంతకు ముందు పుట్టిన పెద్దలు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. కారణాన్ని తొలగిస్తే మచ్చ సైతం కొంత తగ్గగలదని వైద్యులు గుర్తించారు.

కనుక మీ ఇంటి పెద్దలకు కాలేయం బాగులేదని తెలిస్తే, నిందతో మొదలుపెట్టవద్దు. పరీక్షకు వెంటబెట్టుకొని వెళ్లండి.