తెలియక చేసినా తప్పే!
మైదానం వెలుపలి పొరపాట్లతో వర్ధమాన క్రీడాకారుల భవితకు ముప్పు

తెల్లవారకముందే సంచి భుజాన వేసుకుని మైదానానికి చేరే పిల్లలు నేడు ప్రతి మండల కేంద్రంలోనూ కనిపిస్తున్నారు. హైదరాబాద్‌లో ఆటో నడిపిన వ్యక్తి కుమారుడు మహ్మద్ సిరాజ్‌ను 2017 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ జట్టు రూ.2.60 కోట్లకు తీసుకుంది. విశాఖపట్నానికి చెందిన నితీశ్‌కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో శతకం సాధించాడు. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ ఆరంభమయ్యాక పల్లె ఆటకు సైతం వేలం విలువ వచ్చింది. ఈ విజయాలు సామాన్య కుటుంబాలలో ఆశలు నింపాయి.

అయితే జిల్లా జట్టులో పేరు రావడానికీ, తొలి ఒప్పందంపై సంతకం చేయడానికీ మధ్యనున్న నాలుగైదేళ్లే అత్యంత సున్నితమైనవి. ఆట రాక వెనుదిరిగిన వారి సంగతి వేరు. ఆట ఉండి కూడా ఒక ధ్రువపత్రం వల్లనో, ఒక దగ్గుమందు వల్లనో, ఒక ఫోన్ సంభాషణ వల్లనో ఏళ్ల తరబడి మైదానానికి దూరమైన వారున్నారు. వీటిలో చాలావరకు కావాలని చేసిన నేరాలు కావు. కానీ క్రీడా నిబంధనలలో 'నాకు తెలియదు' అన్న సమాధానానికి విలువ బహు స్వల్పం. శిక్ష తగ్గవచ్చునేమో కానీ, పోయిన కాలం తిరిగి రాదు.

పుట్టిన తేదీతోనే చిక్కు

గ్రామీణ ప్రాంతాలలో సమస్య ఇక్కడే మొదలవుతోంది. బడిలో చేర్చిన రోజున ఉపాధ్యాయులు అంచనాగా వేసిన తేదీయే పదో తరగతి ధ్రువపత్రంలోకి ఎక్కి జీవితాంతం వెంట వస్తుంది. ఆసుపత్రి లేదా పంచాయతీ రికార్డులో మరో తేదీ ఉంటుంది. ఇది చాలదన్నట్లు అండర్-14, అండర్-16 జట్లలో చోటు కోసం ఏడాదో, రెండేళ్లో తగ్గించి కొత్త పత్రం తెప్పించేవారూ లేకపోలేదు. ఆ పత్రం తెచ్చేది తండ్రో, పరిచయస్తుడో. శిక్ష పడేది మాత్రం పిల్లవాడికి.

జమ్మూకశ్మీర్‌కు చెందిన పేసర్ రసిఖ్ సలామ్ ఉదంతం ఇందుకు తార్కాణం. 2019 మార్చిలో ముంబయి ఇండియన్స్ తరఫున ఐపీఎల్‌లో అడుగుపెట్టిన అతడు, భారత అండర్-19 జట్టుకూ ఎంపికయ్యాడు. లోపభూయిష్టమైన జనన ధ్రువపత్రం సమర్పించాడంటూ అదే ఏడాది జూన్‌లో భారత క్రికెట్ నియంత్రణ మండలి రెండేళ్ల నిషేధం విధించింది. అండర్-19 జట్టులో చోటు గల్లంతయింది. నిషేధం ముగిశాక పట్టుదలతో తిరిగి వచ్చిన అతడిని 2024 నవంబరు వేలంలో బెంగళూరు జట్టు రూ.6 కోట్లకు తీసుకుంది. అంతటి ప్రతిభ ఉన్నవాడికీ రెండేళ్లు పోయాయి. మళ్లీ లేచి నిలబడే అవకాశం అందరికీ దొరకదు.

క్రికెట్ బోర్డు అండర్-16 బాలుర వయసును ఎముకల పరీక్ష ద్వారా నిర్ధారిస్తుంది. ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి లెక్కగడతారు. తప్పుడు పత్రం ఇచ్చినవారు తమంతట తాము వెల్లడిస్తే శిక్ష ఉండదని 2020లో బోర్డు ఒక అవకాశం కల్పించింది. దాచిపెట్టి పట్టుబడిన వారికి రెండేళ్ల నిషేధం, ఆపై వయోపరిమితి పోటీలలో ప్రవేశం ఉండదని అదే సమయంలో స్పష్టం చేసింది. తప్పుడు నివాస పత్రం సమర్పించినా రెండేళ్ల నిషేధమే.

తప్పు లేనివారికి సైతం పత్రాల అవసరం తప్పదు. బ్యాడ్మింటన్ క్రీడాకారుడు లక్ష్యసేన్‌పై వయసు విషయమై వచ్చిన ఆరోపణలతో నమోదైన కేసును సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టివేసింది. ఒలింపిక్స్ ఆడిన వాడికే ఇన్నేళ్లు పట్టిందంటే సామాన్యుడి సంగతి చెప్పనక్కరలేదు. అందుకే జనన ధ్రువపత్రం, ఆధార్, పాఠశాల రికార్డు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. తేడా ఉంటే పదో తరగతి పరీక్షకు వివరాలు పంపకముందే అసలు తేదీకి అనుగుణంగా సవరించుకోవాలి.

మందుల దుకాణంలో పొంచి ఉన్న ముప్పు

జలుబు చేస్తే మందుల దుకాణానికి వెళ్లి 'ఏదైనా ఇవ్వండి' అని అడగడం మనకు అలవాటు. క్రీడాకారుడికి ఈ అలవాటే కొంప ముంచుతుంది. 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో దేశవాళీ టీ20 మ్యాచ్ సందర్భంగా పృథ్వీ షా ఇచ్చిన మూత్ర నమూనాలో టెర్బుటలిన్ అనే నిషేధిత పదార్థం బయటపడింది. దగ్గుమందులలో సాధారణంగా ఉండే పదార్థమే అది. తెలియక తీసుకున్నాడని క్రికెట్ బోర్డు అంగీకరించింది. అయినా ఎనిమిది నెలల నిషేధం తప్పలేదు. అప్పటికి అతడి వయసు 19 ఏళ్లు.

శరీరంలో ఏ పదార్థం దొరికినా అందుకు క్రీడాకారుడే బాధ్యుడన్నది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' మూలసూత్రం. మందు ఇచ్చింది శిక్షకుడైనా, వైద్యుడైనా, స్నేహితుడైనా ఈ సూత్రం మారదు. నిషేధిత పదార్థాల జాబితాను వాడా ఏటా సవరించి జనవరి 1 నుంచి అమలు చేస్తుంది. కనుక నిరుడు అనుమతించిన మందు ఈ ఏడాది జాబితాలోకి చేరి ఉండవచ్చు.

వ్యాయామశాలల్లో అమ్మే పొడులు, మాత్రలతో ప్రమాదం మరింత ఎక్కువ. డబ్బాపై రాయని పదార్థాలు అందులో కలిసి ఉండవచ్చు. అమ్మినవాడి హామీ విచారణలో నిలవదు. కండబలం పెంచే పదార్థాలు దొరికాయన్న కారణంగా స్ప్రింటర్ ద్యుతీచంద్‌పై 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. వాడా లెక్కల ప్రకారం 2023లో భారత్‌లో 5,606 నమూనాలు పరీక్షించగా 213 వాటిలో నిషేధిత పదార్థాలు బయటపడ్డాయి. అంటే ప్రతి వందకు దాదాపు నాలుగు.

పరీక్షకు భయపడి పారిపోవడం ఇంకా పెద్ద పొరపాటు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ 'నాడా' అధికారులు వచ్చారని తెలియగానే పలువురు కనిపించకుండా పోయారు. పురుషుల 100 మీటర్ల తుది పరుగులో ఒకే ఒక్కడు మిగిలాడు. నమూనా ఇవ్వకుండా తప్పించుకోవడం కూడా డోపింగ్ నేరమే. దానికి నాలుగేళ్ల వరకు నిషేధం ఉంది.

అలాగని జబ్బు చేస్తే మందు మానుకోవాలని దీని అర్థం కాదు. తాను పోటీలలో పాల్గొంటున్నట్లు వైద్యుడికి ముందే చెప్పాలి. మందు చీటీని భద్రపరచాలి. నాడా రూపొందించిన 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు సరిచూసుకోవాలి. ఉబ్బసం వంటి వ్యాధులకు నిషేధిత మందు తప్పనిసరైతే చికిత్స నిమిత్తం మినహాయింపు కోరుతూ నాడాకు దరఖాస్తు చేసుకునే వీలుంది.

పలకరింపుతో మొదలై పతనం దాకా

బుకీ ఎన్నడూ బుకీనని చెప్పుకోడు. అభిమానిగానో, క్రీడా సామగ్రి ఇప్పించే దాతగానో, ప్రకటనలు ఇప్పిస్తానన్న వ్యక్తిగానో పరిచయమవుతాడు. తొలుత బూట్లు, బ్యాటు ఇస్తాడు. తరువాత హోటల్‌లో భోజనానికి పిలుస్తాడు. ఆపై 'రేపు జట్టులో ఎవరున్నారు?', 'పిచ్ ఎలా ఉంది?' వంటి చిన్న ప్రశ్నలు వేస్తాడు. సమాధానం చెప్పిన రోజునే క్రీడాకారుడు అతడి గుప్పిట్లో పడతాడు.

2013 మే 16న స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణలపై శ్రీశాంత్ సహా రాజస్థాన్ రాయల్స్ క్రీడాకారులు ముగ్గురిని ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. 2015లో ఢిల్లీ న్యాయస్థానం వారిని కేసు నుంచి విముక్తులను చేసినా, క్రికెట్ బోర్డు నిషేధం కొనసాగింది. శ్రీశాంత్‌పై జీవితకాల నిషేధాన్ని 2019లో సుప్రీంకోర్టు పక్కన పెట్టగా, అది ఏడేళ్లకు తగ్గి 2020 సెప్టెంబరులో ముగిసింది. న్యాయస్థానం విధానం వేరు, క్రీడా నిబంధనల విధానం వేరన్నది యువకులు గ్రహించవలసిన పాఠం.

డబ్బు తీసుకోకపోతే చాలుననుకోవడమూ పొరపాటే. బుకీ సంప్రదించిన విషయాన్ని మూడు పర్యాయాలు అధికారులకు తెలపనందుకే బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్‌పై 2019 అక్టోబరులో అంతర్జాతీయ క్రికెట్ మండలి రెండేళ్ల నిషేధం విధించింది. అందులో ఏడాది శిక్షను నిలుపుదల చేసింది. మౌనం కూడా నేరమేనన్నది నిబంధన. అనుమానాస్పద ఫోన్ వచ్చిన రోజునే శిక్షకుడికి, సంఘానికి రాతపూర్వకంగా తెలపడమే రక్ష.

ఇదంతా మహానగరాల వ్యవహారమని పల్లె యువకులు భావించరాదు. 2022 జులైలో గుజరాత్‌లోని మెహసానా జిల్లా మోలిపుర్ గ్రామ పొలాల్లో నకిలీ ఐపీఎల్ బయటపడింది. కూలీలకు, నిరుద్యోగులకు మ్యాచ్‌కు రూ.400 ఇచ్చి జట్ల దుస్తులు తొడిగి ఆడించారని, ఆ ఆటను యూట్యూబ్‌లో చూపుతూ రష్యాలోని వారితో పందేలు కట్టించారని పోలీసులు వెల్లడించారు. ఎవరో తెలియని నిర్వాహకులు, అనుమతి లేని పోటీ, ఫలితం ముందే చెప్పే ధోరణి కనిపిస్తే ఆ మైదానంలో దిగకపోవడమే మేలు.

పందేల యాప్‌ల జోలికి అసలే పోరాదు. ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలను సవరించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నమోదిత క్రికెటర్ తాను ఆడని మ్యాచ్‌పై పందెం కాసినా బోర్డు నియమావళి ప్రకారం నేరమే.

మధ్యవర్తుల మాటలు.. తొందరపాటు సంతకాలు

'రాష్ట్ర జట్టులో చోటు ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు కట్టండి' అంటూ వచ్చేవారి మాట నమ్మి పొలం అమ్ముకున్నా తిరిగి రాబట్టుకోవడం కష్టం. లంచం ఇచ్చామని ఫిర్యాదు చేయడానికీ నోరు రాదు. ఎంపిక పోటీల ప్రకటనను సంబంధిత సంఘం కార్యాలయంలో స్వయంగా నిర్ధారించుకోవాలి. అసలు ధ్రువపత్రాలు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఎవరికీ అప్పగించరాదు.

1872 నాటి భారత ఒప్పంద చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనర్ తరఫున సంరక్షకులు సంతకం చేయమంటే తొందరపడక, ఒప్పందం ఎన్నేళ్లు, సంపాదనలో ఎంత వాటా ఇవ్వాలి, మధ్యలో వైదొలగే వీలుందా అన్న మూడు అంశాలను న్యాయవాదికి చూపించి తెలుసుకోవాలి.

సెల్‌ఫోన్‌లో చెరగని రాతలు

ఇంగ్లండ్ పేసర్ ఓలీ రాబిన్సన్ 2021 జూన్‌లో లార్డ్స్ మైదానంలో తొలి టెస్టు ఆడి ఏడు వికెట్లు తీశాడు. ఆట సాగుతున్న రోజునే, 2012, 2013 సంవత్సరాలలో అతడు ట్విట్టర్‌లో రాసిన జాత్యహంకార, స్త్రీలను కించపరిచే వ్యాఖ్యలు బయటకు వచ్చాయి. రాసినప్పుడు అతడు ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు. అయినా బోర్డు సస్పెండ్ చేసింది. బహిరంగ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. నేడు స్నేహితుల మధ్య సరదాగా పెట్టిన మాటను రేపు జట్టు యాజమాన్యం చదువుతుందన్న స్పృహ ఉండాలి. కులం, మతం, ఆడపిల్లల గురించి నోరు జారిన రాతలు ఎవరికీ మేలు చేయవు.

వాహనాల విషయంలోనూ అప్రమత్తత అవసరం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా ఉంటుంది. ఆ బాలుడికి 25 ఏళ్లు వచ్చే వరకు లైసెన్సు రాదు. క్రీడా కోటాలో ప్రభుత్వ కొలువు ఆశించేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. నియామకానికి ముందు పోలీసు విచారణ ఉంటుంది. వీధి కొట్లాట కేసు సైతం అక్కడ అడ్డంకి కాగలదు.

పెద్దల బాధ్యతే ఎక్కువ

పదిహేనేళ్ల పిల్లవాడు నిషేధిత పదార్థాల జాబితా చదవాలనుకోవడం అత్యాశే. ఆ భారం మోయవలసింది ఇంట్లో తల్లిదండ్రులు, మైదానంలో శిక్షకులు, వ్యాయామ ఉపాధ్యాయులు. పరుగు, ఫీల్డింగ్ సాధనకు రోజూ గంటలు కేటాయించే శిబిరాలలో నెలకు ఒక్క గంట ఈ విషయాలకు కేటాయిస్తే చాలు. అన్నిటికీ మించి, తప్పు జరిగినప్పుడు కొడతారన్న భయం లేకుండా పిల్లలు చెప్పుకొనే వాతావరణం ఉండాలి. దాచిన తప్పే పెద్దదవుతుంది. మొదటి రోజునే చెప్పిన పొరపాటును సరిదిద్దుకునే దారి ఎంతో కొంత ఉంటుంది.

ఇవి మరువరాదు

- జనన ధ్రువపత్రం, ఆధార్, పాఠశాల రికార్డులలో ఒకే తేదీ ఉండాలి. వయసు తగ్గించే ప్రయత్నం చేయరాదు.
- వైద్యుడికి క్రీడాకారుడినని చెప్పాలి. పేరు తెలియని మందు, పొడి, సూది తీసుకోరాదు.
- డోపింగ్ పరీక్షకు పిలిస్తే వెళ్లాలి. పరీక్షకు ముందు తీసుకున్న మందులన్నిటినీ పత్రంలో రాయించాలి.
- అపరిచితుల బహుమతులు, విందులు స్వీకరించరాదు. జట్టు సమాచారం బయటివారికి చెప్పరాదు.
- అనుమానాస్పద ఫోన్ వస్తే తేదీ, సమయం రాసుకుని అదే రోజు సంఘానికి తెలపాలి.
- ఎంపిక కోసం ఎవరికీ డబ్బు ఇవ్వరాదు. చదవకుండా ఏ కాగితంపైనా సంతకం చేయరాదు.